నీలంలో వేలిముద్ర

నా పని అబద్ధాలు తయారుచెయ్యడం. తెనాలిలో బంగారు కొట్లవాళ్ళు కొత్త నగలు నా స్టూడియోకి పంపిస్తారు. నేను ఫోటోలు తీసి, రాళ్ళలో ఉన్న మచ్చలూ గీతలూ కంప్యూటర్లో తుడిచేసి తిరిగి పంపిస్తాను. పెళ్ళికూతుళ్ళ మొటిమలు తుడిచిన చేతికి రాళ్ళ మచ్చలు ఒక లెక్కా! మా ఆయన పెళ్ళి వీడియోలకని ఊళ్ళు తిరుగుతుంటే, నేను ఇక్కడ కూర్చుని చేసే ఘనకార్యం ఇదీ.

అయితే తుడిచే ముందు ఒక ఫోటో నాకోసం ఉంచుకుంటాను. ఎందుకంటే అందమంతా ఆ మచ్చల్లోనే ఉంది. మైక్రోస్కోపుకి కెమెరా తగిలించి చూస్తే పచ్చ లోపల నాచు పట్టిన కాలవ కనిపిస్తుంది. గోమేధికంలో బెల్లంపాకం కలియబెడుతున్నట్టు సుడులుంటాయి. ఒకసారి ఒక పుష్యరాగంలో నీటిబొట్టు కనిపించింది, ఆ బొట్టులో ఒక గాలిబుడగ, ఉంగరాన్ని వంచితే అటూ ఇటూ నడిచింది. లోపల ఏమీ లేకుండా కడిగిన గాజులా ఉండే రాయిని చూస్తే నాకు అనుమానం. అది నేలలో పుట్టి ఉండదు, ఏ ఫ్యాక్టరీలోనో పుట్టి ఉంటుంది. మనుషుల విషయంలోనూ నాది అదే అభిప్రాయం. అందుకే నాకు స్నేహితులు తక్కువ.

ఫిబ్రవరిలో ఒక పొద్దున మా కోటమ్మ వదిన రేపల్లె పాసింజరు దిగి, ఆటో కూడా ఎక్కకుండా ఎండలో నడిచి స్టూడియోకి వచ్చింది. మంచినీళ్ళు ఇస్తే వద్దంది. కొంగుముడి విప్పి ఉంగరం తీసి నా బల్ల మీద పెట్టింది.

"దీని లోపల ఏం దోషముందో పెద్దగా ఫోటో తియ్యి ప్రసూనా. ఆ పిల్లకి చూపించాలి. కళ్ళారా చూస్తే గానీ ఒప్పుకునేట్టు లేదు" అంది.

ఆ పిల్ల బల్లకి అవతలి పక్కనే కూర్చుని ఉంది. వదిన కోడలే, సుష్మ. వదిన వస్తున్నట్టు ముందురోజు ఫోన్ చెయ్యగానే, నేనే బాపట్ల నుంచి ఆమెని రప్పించాను. వదిన లోపలికి వచ్చినప్పటి నుంచి ఒక్కసారి కూడా అటువైపు చూడలేదు.

ఆ ఉంగరం కథ చెప్పాలి. మా అన్నయ్య లక్ష్మయ్యకీ వదినకీ ఒక్కడే కొడుకు, సాయి కిరణ్. నా మేనల్లుడు. రేపల్లె చుట్టుపక్కల రొయ్యల చెరువులకి మేత అమ్మే కంపెనీలో పనిచేసేవాడు. సంబంధం కుదిరాక సిద్ధాంతిగారు వాడి జాతకం చూసి, శని బాగాలేదు, నీలం పెట్టమన్నాడు. పెళ్ళికొడుకు ఉంగరం ఆడపిల్లవారే కదా పెట్టాలి! రాయి నేనే చూసుకుంటానని సుష్మ బాపట్లలో రైలెక్కి నా దగ్గరికి వచ్చింది. ఆమె అక్కడ ఒక రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. ఇంకా పెళ్ళి కాలేదు, అప్పుడే నన్ను 'పిన్నిగారూ' అని పిలిచేది.

రాళ్ళ వ్యాపారం చేసే ఇమాముద్దీన్ భాయి రెండు నీలాలు తెచ్చి చూపించాడు. ఒకటి తేటగా, ఏ కళంకమూ లేకుండా ఉంది. రెండోదాంట్లో ఏదో మబ్బు కమ్మినట్టుంది. సుష్మ రోజూ రక్తపు చుక్కలు చూసే అలవాటుతో మైక్రోస్కోపుకి కన్ను ఆనించింది. రెండో రాయి దగ్గర ఎంతకీ తల ఎత్తలేదు.

"పిన్నిగారూ, ఇందులో వాన పడుతోందండి" అంది.

నిజమే. పట్టుదారాల కంటే సన్నని సూదులు, ఏటవాలుగా, వేలకి వేలు. పక్కనుంచి వెలుతురు పడితే మెరిసి, దీపం కాస్త జరిపితే మాయమయ్యేవి.

"మచ్చ ఉందంటారమ్మా. మళ్ళీ నన్ననొద్దు, ఆలోచించుకో" అన్నాడు ఇమాముద్దీన్ భాయి.

"ఉండనివ్వండి బాబాయ్. నాకిదే కావాలి" అంది సుష్మ.

ఊరుకుందా? నిశ్చితార్థం నాడు కిరణ్ వేలికి ఉంగరం తొడుగుతూ, దీని లోపల వానుంది తెలుసా అని అందరూ వినేట్టు చెప్పింది. వాడు ఆ చెయ్యి పైకెత్తి, "అయితే ఈ ఏడు కాలవకి నీళ్ళకి లోటు లేదు నాన్నా" అన్నాడు. ఆ పూట మా అన్నయ్య నవ్విన నవ్వు పందిరి చివరిదాకా వినిపించింది.

కిందటి డిసెంబరులో కిరణ్ చనిపోయాడు. మా వైపు కోతలయ్యాక వడ్లు తారురోడ్డు మీదే ఆరబోస్తారు. పొద్దుగూకేసరికి కుప్పచేసి, పరదా కప్పి, గాలికి లేవకుండానూ బళ్ళు ఎక్కకుండానూ చుట్టూ రాళ్ళు పెడతారు. సగం రోడ్డు వడ్లది, సగం మనుషులది. కిరణ్ చెరువుల మీద నుంచి మసకచీకట్లో ఇంటికి వస్తున్నాడు. ఎదురుగా వచ్చే లారీ వెలుతురు కళ్ళలో పడింది. బండి రాయికి తగిలింది. ఆస్పత్రికి చేరేలోపే ప్రాణం పోయింది. ఆ వడ్లవాళ్ళు వచ్చి అన్నయ్య కాళ్ళ మీద పడి ఏడ్చారు. అన్నయ్య వాళ్ళని ఒక్కమాట అనలేదు. అందరి వడ్లూ ఆ రోడ్డు మీదే ఎండుతాయి, ఎవరు ఎవర్ని అంటారు?

అనడానికి ఎవరో ఒకరు కావాలి గదా! పెద్దకర్మకి వచ్చిన సిద్ధాంతిగారు వాడి ఉంగరాన్ని ఎండకి పట్టి చూసి, రాయిలో పగులుందన్నాడు. పగులున్న నీలం ప్రాణం తీస్తుందన్నాడు. పెట్టమన్నది తానేనని ఆయనకి గుర్తున్నట్టు లేదు. ఇంట్లో ఉంచుకుంటే ఇంకొకరికి ముప్పనీ, ఇచ్చిన చేతితోనే సముద్రంలో వదిలెయ్యాలనీ చెప్పి, తాంబూలం తీసుకుని వెళ్ళిపోయాడు. ఆడలేక మద్దెల ఓడన్నాట్ట వెనకటికొకడు.

"వదలను" అంది సుష్మ. అంతమంది ముందూ అంది. "నా చేత్తో వదిలితే ఆయన్ని నేనే చంపానని ఒప్పుకున్నట్టు. ఆ ఉంగరం నాకివ్వండత్తయ్యా. ఆయనది నాకదొక్కటే కావాలి."

"మచ్చ ఉందని తెలిసే పెట్టావు గదే! వానంట, వాన!" అంది వదిన.

ఆ తర్వాత సుష్మ బాపట్ల పుట్టింటికి వెళ్ళి మళ్ళీ ల్యాబులో చేరింది. ఉంగరం వదిన కొంగులో ఉండిపోయింది. ఫోన్లో మాట్లాడుకోవడం కూడా మానేశారు.

వదిన ఫోటో తియ్యమనగానే నేను వెంటనే ఒప్పుకోవడం ఆమెకి ఆశ్చర్యమే కలిగించి ఉంటుంది. నా ఎత్తు నాకుంది. లోపల ఏముందో బాగా చూపించి ఆవిడ నోరు మూయించాలి, ఉంగరం ఆ పిల్ల చేతిలో పెట్టించాలి. ఇరవై రెండేళ్ళ వయసులో మొగుణ్ణి పోగొట్టుకున్న పిల్ల మీద చంపిందన్న నింద కూడానా? నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

ఉంగరాన్ని చేతిలోకి తీసుకున్నాను. రాయిని పట్టుకున్న బంగారు కాడల సందులో ఎండిన మట్టి ఉంది. మామూలుగా ఫోటోకి ముందు బ్రష్షుతో శుభ్రం చేస్తాను. బ్రష్షు తీసి, మళ్ళీ డ్రాయరులో పెట్టేశాను. ఆ మట్టి తుడవడానికి చెయ్యి రాలేదు.

"దీపం పట్టుకో అమ్మా" అన్నాను సుష్మతో. సన్నని వెలుతురు పక్కనుంచి పడాలి, కోణం మారకూడదు. ఆమె చెయ్యి ల్యాబులో సూది పట్టే చెయ్యి, వణకదు. రాయి లోపల లోతు చాలా ఉంటుంది, ఒక్క ఫోటోలో రాదు. ఒక్కో పొర దగ్గర ఆగి ఒక్కో ఫోటో తీసుకుంటూ కిందికి దిగాలి, తర్వాత అన్నిటినీ కలపాలి. మేము ముగ్గురం ఆ నీలంలోకి దిగాం. ముందు వాన వచ్చింది. సూదుల మీద వెలుతురు పడినచోట నీలం, ఊదా, అక్కడక్కడ ఎరుపు. వదిన కంప్యూటరు తెర వైపే చూస్తోంది. వాన కింద, రాయి అడుగున, సిద్ధాంతిగారి పగులు వచ్చింది.

ఎన్నో రాళ్ళు చూశాను గానీ అంత అందమైనది చూడలేదు. చిన్న చిన్న నీటిచుక్కలు వరసలు కట్టి, వరసలన్నీ మెలికలు తిరిగి, ఒకదాని పక్కన ఒకటి ఒదిగి ఉన్నాయి. పైన వాన, అడుగున ఈ చుక్కలు, కలిపిన ఫోటో తెర నిండా తెరిచాను.

"ఏంటే ఇది? వేలిముద్రలాగుంది" అంది వదిన.

"వ్యాపారంలో కూడా వేలిముద్రనే అంటారు వదినా. ఇదే ఆ పగులు."

"పగులు ఇట్టా ఉంటదా?"

"ఈ రాయి నేలలో ఉన్నప్పుడే పగిలింది. నువ్వూ నేనూ కాదు, అసలు మనిషనేవాడే పుట్టకముందు. ఆ పగుల్లోకి నీళ్ళు చేరినయ్యి. రాయి మెల్లగా మళ్ళీ అతుక్కుంది. అతుక్కున్నచోట మిగిలిపోయిన చుక్కలు ఇవి. ఇది మానిపోయిన గాయం వదినా. మానిన గాయం ఎవర్ని చంపుతుంది?"

వదిన లేచి తెర దగ్గరికి వెళ్ళింది. వేలు పెట్టి ఆ గీతల్ని తాకింది. కిరణ్ చిన్నప్పుడు వాడి ముఖం కడిగేటప్పుడు అలాగే తాకేది. "అబ్బ, ఎంత బాగుందే" అంది, తనలో తాను అనుకున్నట్టు.

అక్కడ ఆగి ఉంటే సరిపోయేది. నా నోటికి తాళం ఎక్కడ ఏడ్చింది!

"ఇప్పుడైనా తెలిసిందా? మనవాణ్ణి చంపింది వేలికున్న రాయి కాదు, రోడ్డు మీదున్న రాయి. ఆ రాయి అక్కడ పెట్టినవాళ్ళని వదిలేసి ఈ పసిదాని మీద పడ్డావేం వదినా?" అన్నాను.

వదిన తెర మీద నుంచి వేలు తియ్యలేదు.

"పెట్టింది మీ అన్నయ్యేనే" అంది.

నాకు అర్థం కాలేదు. ఆవిడే చెప్పింది. "వాళ్ళకంటే ముందు వారం ఆ చోట మన వడ్లే ఆరబోశాం. కాలవగట్టు నుంచి ఆ రాళ్ళు ట్రాక్టరులో తోలుకొచ్చింది మీ అన్నయ్యే. వడ్లు ఎత్తినాక రాళ్ళక్కడే వదిలేశాం, పక్కోళ్ళకి పనికొస్తయ్యని. ఎప్పుడూ అంతేగా! వాడు పడ్డచోట రక్తమున్న రాయిని చూసి, ఇది నేను తెచ్చిందేనే అన్నాడు నాతో. అంతే, మళ్ళీ ఆ మాట ఎత్తలా. అన్నం ముందు కూర్చుంటాడు, లేచిపోతాడు. సిద్ధాంతి నీలం వల్లే అన్నాక కాస్త తేరుకున్నాడు. రోజూ పొద్దున్నే కాఫీ గ్లాసు చేత్తో పట్టుకుని అడుగుతాడే, 'నీలమేనంటావా కోటమ్మా' అని. 'నీలమే' అంటేనే తాగుతాడు. ఇప్పుడు నీలం కాదని ఇంటికెళ్ళి చెప్పమంటావా? చెప్పు, ఏం చెప్పమంటావో."

మా అన్నయ్య నాకంటే పదేళ్ళు పెద్ద. నాకు సైకిలు నేర్పింది ఆయనే, పడితే మోకాలికి పసుపు రాసింది ఆయనే. నేను వకాల్తా పుచ్చుకుని గెలిచాననుకున్న కేసులో ముద్దాయి ఆయనని నాకేం తెలుసు? వదిన అన్నాళ్ళూ నోటికొచ్చినట్టు కోడల్ని తిట్టింది పొగరుతో కాదు. మొగుడికి పొద్దున కాఫీ తాగించడానికి.

మైక్రోస్కోపు కింద రాయిలో వెలుతురు ఆరిపోయింది. సుష్మ చేతిలో దీపం పక్కకి ఒరిగింది. ఆమె దాన్ని ఆర్పి, జాగ్రత్తగా వైరు చుట్టి బల్ల మీద పెట్టింది.

"ఎప్పుడు వెళ్దాం అత్తయ్యా?" అంది.

వదిన అప్పుడు చూసింది ఆమెని, మొదటిసారి. "ఎక్కడికమ్మా?"

"సూర్యలంక సముద్రానికి. నేనే వదులుతాను. మామయ్యని కూడా తీసుకురండి, చూస్తే నమ్మకం కుదురుతుంది."

వదిన కింద కూలబడి, కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. సుష్మ వెళ్ళి ఆవిడ పక్కన కూర్చుంది. వాళ్ళిద్దరూ ఒకరినొకరు పట్టుకుని ఏడవడం చూడలేక నేను గుమ్మం బయటికి వచ్చి నిలబడ్డాను. కాసేపటికి సుష్మ నా దగ్గరికి వచ్చింది.

"నీకేమన్నా మతిపోయిందా? రేపట్నించి ఊరంతా నిన్నే అంటారు. నీ చేత్తో నువ్వే ఒప్పుకున్నట్టవుతుంది, నువ్వన్న మాటేగా" అని ఆమె మీద అరిచాను.

"మామయ్య కాఫీ తాగాలి కదండీ పిన్నిగారూ" అంది సుష్మ. "నన్నంటే నేను మొయ్యగలను. చెయ్యలేదని నాకు తెలుసు కాబట్టి. ఆయన మొయ్యలేరు."

శనివారం నాడు వెళ్ళాం. అన్నయ్యా వదినా రేపల్లె నుంచి బస్సులో వచ్చారు, నేను తెనాలి నుంచి రైలెక్కాను. సుష్మ బాపట్ల బస్టాండులో మాకోసం నిలబడి ఉంది. ఆటోలో అన్నయ్య నా ఎదురుగా కూర్చున్నాడు. చొక్కా వేరేవాళ్ళది తొడుక్కున్నట్టు వేలాడుతోంది. దారిపొడుగునా వదిన కొంగుముడి వైపే చూస్తూ కూర్చున్నాడు.

ఆదివారం కాదు కాబట్టి ఒడ్డున పెద్దగా జనం లేరు. సుష్మ చెప్పులు విడిచి మోకాళ్ళ లోతుకి వెళ్ళింది. విసిరే ముందు ఉంగరాన్ని ఒక్కసారి కంటి దగ్గర పెట్టుకుంది. మామూలు కంటికి ఏమీ కనిపించదు, ఆ సంగతి నాకంటే ఆమెకే బాగా తెలుసు. అయినా చూసింది. మట్టిని నేను తుడవలేదని అప్పుడు గుర్తొచ్చి ఎందుకో కొంచెం ఊరట కలిగింది. తర్వాత ఆమె చెయ్యి లేచింది. రాయి పడిన చప్పుడు కూడా వినిపించలేదు.

ఒడ్డుకి రాగానే అన్నయ్య ఆమెకి ఎదురు వెళ్ళాడు. తల మీద చెయ్యి పెట్టాడు.

"పోయిందిలేమ్మా, పీడ వదిలింది" అన్నాడు. "నువ్వు మాత్రం తెలిసి చేశావా, చిన్నపిల్లవి. మేమేం మనసులో పెట్టుకోంలే తల్లీ."

చెయ్యని తప్పుకి ఆయన ఆమెని క్షమించాడు. ఆ మాట నిజంగా మనసులోంచి వచ్చింది, అదే భరించలేకపోయాను. సుష్మ తల వంచుకుని, "సరే మామయ్యా" అంది. వదిన ముఖం సముద్రం వైపు తిప్పేసుకుంది. నాకు అరవాలనిపించింది. అరిస్తే కూలిపోయేది ఎవరో తెలుసు కాబట్టి నోరు మూసుకున్నాను. పుట్టి బుద్ధెరిగాక నేను నోరు మూసుకున్నది అప్పుడే.

తిరిగి వచ్చేటప్పుడు రోడ్డు పక్క కొట్టు దగ్గర అన్నయ్య ఆటో ఆపించి, అందరికీ టీ చెప్పాడు. గ్లాసు తీసుకుని వదినని ఏమీ అడక్కుండా తాగాడు. వదిన ఆ గ్లాసు ఖాళీ అయ్యేదాకా చూసి, అప్పుడు తనది తాగింది.

వేలిముద్ర ఫోటోని నేను చెరిపెయ్యలేదు. ఒక్క మచ్చ కూడా తుడవకుండా పెద్ద ప్రింటు తీసి స్టూడియోలో తగిలించాను. సుష్మకి పంపిస్తానంటే వద్దంది. ఇప్పుడు చూడలేనంది.

ఎండాకాలంలో అన్నయ్య కళ్ళ డాక్టరుకి చూపించుకోవడానికి తెనాలి వచ్చాడు. ఒళ్ళు కాస్త చేసింది. నేను లోపల మజ్జిగ కలుపుతుంటే ఆ ఫోటో ముందు నిలబడి పిలిచాడు.

"ఇదేంటమ్మాయ్?"

గ్లాసు నా చేతిలో ఉంది. "రాయి లోపలి ఫోటో అన్నయ్యా."

"ఏం రాయి?"

"ఏదోలే. ఎవరో తెచ్చారు."

"రాయి లోపల ఇంతుంటదా!" అన్నాడు. కళ్ళజోడు సర్దుకుని దగ్గరికి వెళ్ళి చూశాడు. "చూస్తుంటే మనసుకి చల్లగా ఉందే. ఇట్టాంటిది ఇంకోటి తీసి ఇవ్వవూ? కిరణ్‌గాడి ఫోటో పక్కన గోడ బోసిగా ఉంది."

ఇవ్వకుండా ఎలా ఉండను? అదే ఫోటో ఇంకో ప్రింటు తీసి, ఫ్రేము కట్టించి, కాగితం చుట్టి, రైలు దగ్గరికి వెళ్ళి చేతికిచ్చాను. వదిన చూడగానే గుర్తుపట్టే ఉంటుంది. నాకు ఫోన్ చెయ్యలేదు.

నెలకోసారి ఆదివారం సుష్మ రేపల్లె వెళ్ళి అత్తమామల్ని చూసి వస్తుంది. ఆ నెల వెళ్ళిన ఆదివారం సాయంత్రం నాకు ఫోన్ చేసింది.

"మామయ్య నన్ను చెయ్యి పట్టుకుని గోడ దగ్గరికి తీసుకెళ్ళారండి పిన్నిగారూ" అంది. "చూడమ్మా, ఈ రాయిలో వాన పడుతోంది అన్నారు."

"నువ్వేమన్నావు?"

"అవును మామయ్యా అన్నాను."

ఆమె ఏడుస్తోంది. ఏడవొద్దని నేను అనలేదు.